విషం ఇంకిన నేలలో మట్టి తీయాలంటే: ఆగరా, జేసీబీనా, రిగ్గా? కూలీల క్షేమం చూసి ఎంచుకోవడం ఎలా?

మూతపడ్డ పురుగుమందుల గోదాము. ట్యాంకులు ఇంకా నేలలోనే ఉన్న పాత పెట్రోలు బంకు. డ్రమ్ములు పారబోసిన ఫ్యాక్టరీ వెనక జాగా. ఇలాంటి చోట మట్టి పరీక్ష చేయించమని కొనేవాళ్లో, అప్పిచ్చే బ్యాంకో, కాలుష్య నియంత్రణ మండలో అడిగితే ముందుగా వచ్చే ప్రశ్నలు మూడు: ఎన్ని పాయింట్లు, ఎంత లోతు, ఎంత రేటు. ఆ మట్టి తీసే మనిషి ఎక్కడ నిలబడతాడు, ఏం పీలుస్తాడు అన్న ప్రశ్న చివర్లో వస్తుంది, అదీ వస్తే. అప్పుడు ఎక్కడినుంచో దించుకున్న ముప్పై పేజీల భద్రతా ప్రణాళిక ఫైల్లో చేరుతుంది. అందులో ముఖం మొత్తం మూసే మాస్కు బొమ్మలుంటాయి, కర్నూలు మే నెల ఎండ గురించి ఒక్క వాక్యం ఉండదు.

నా లెక్క వేరు. తవ్వే పద్ధతి ముందు తేల్చుకోవాలి, పని వేళలు ఆ తర్వాత, సూటూ మాస్కూ ఆఖరున. మన ఎండలో సూటు కూడా ఒక ప్రమాదమే కాబట్టి, దాని అవసరాన్నే తగ్గించే పద్ధతి దొరికితే సగం ప్రణాళిక అయిపోయినట్టే.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఒక మాట. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జూలైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాలను గుర్తించడం, రాష్ట్ర మండలి ప్రాథమికంగా పరిశీలించడం, అవసరమైతే పూర్తి సర్వే చేయించడం ఆ వరుసలో జరుగుతాయి. గనుల తవ్వకం, రేడియోధార్మిక వ్యర్థాలు, ఊరి చెత్త డంపులు వాటి కిందికి రావు. కాబట్టి కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని లాంటి చోట్లకు ఈ వ్యాసంలోని సలహాలు సరిపోవు, అక్కడి లెక్కలు పూర్తిగా వేరు.

దేన్ని బట్టి పోల్చాలి?

నేను చూసేవి నాలుగు. మట్టికీ మనిషి ముఖానికీ మధ్య దూరమెంత? దుమ్ము, ఆవిరి ఎంత లేస్తాయి? మనిషి కుప్పకూలితే రెండు నిమిషాల్లో బయటికి లాగగలమా? ఆ పని ఎండలో ఎంతసేపు, ఎంత ఒళ్లు వంచి చేయాలి? ఖర్చును కావాలనే ఐదో స్థానంలో పెట్టాను. మొదటి స్థానంలో పెడితే ప్రతిసారీ జేసీబీయే గెలుస్తుంది.

వీటికి జవాబు చెప్పాలంటే నేలలో ఏముందో కాస్తయినా తెలియాలి. దానికి కాగితాలకన్నా పాత వాచ్‌మన్, హమాలీలు ఎక్కువ పనికొస్తారు. ఏ మందులు దింపేవాళ్లు, పగిలిన డబ్బాలు ఎక్కడ పూడ్చేవాళ్లు, కడిగిన నీళ్లు ఎటు పోయేవి అని అడగండి. గోదాము ఎప్పటిదో తెలిస్తే సరుకూ కొంత తెలుస్తుంది. మన దేశంలో బీహెచ్‌సీ పురుగుమందు నిషేధం 1997లో వచ్చింది, ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు ఆపింది 2011లో. అంతకుముందు నుంచీ నడిచిన గోదామైతే రెండూ ఉన్నాయనే అనుకోవాలి. కర్నూలు నగరంలో అయితే ఇంకో ప్రశ్న తప్పనిసరి: 2009 అక్టోబరు వరదలో ఈ చోటు మునిగిందా? మునిగితే సరుకు ఉన్నచోట ఉండదు, డబ్బాల మీద చీటీలూ మిగలవు.

చేతి ఆగర్

టీ ఆకారపు పిడి, కింద మర. ఇద్దరు మనుషులు తిప్పితే చాలు. ఇంజను లేదు, గొయ్యి లేదు, దుమ్ము దాదాపు లేదు. పాత పురుగుమందుల గోదాముకు నా మొదటి ఎంపిక ఇదే. డీడీటీ, బీహెచ్‌సీ లాంటివి మట్టి రేణువుల్ని గట్టిగా పట్టుకుని చాలావరకు పైపొరలోనే ఉండిపోతాయి, అక్కడ పది మీటర్ల బోరు వేసి సాధించేది తక్కువ.

కష్టం రెండు వైపుల నుంచి వస్తుంది. ఎర్రనేలలో కాస్త దిగగానే గరుసు తగులుతుంది, ఆగర్ అక్కడే ఆగిపోతుంది. ఆదోని, నంద్యాల వైపు నల్లరేగడి వానల తర్వాత బాగానే దిగుతుంది గానీ, ఎండాకాలంలో నెర్రెలిచ్చి రాయిలా ఉంటుంది. అప్పుడు తిప్పేవాడి ఒంటి వేడి, బయటి వేడి కలిసిపోతాయి. రెండో కష్టం చేతులది. మరలో ఇరుక్కున్న మట్టిని అరచేత్తో తట్టి రాల్చడం అందరికీ అలవాటు. గమనించండి, అదే చేత్తో నుదుటి చెమట తుడుచుకుంటారు, అదే చేత్తో బీడీ వెలిగిస్తారు. ఫోరేట్ లాంటి మందులు చర్మం గుండానే ఒంట్లోకి పోతాయి.

దీనికి మందు చవకైనదే. ఆగర్‌ను ప్లాస్టిక్ పట్టా మీద పడుకోబెట్టి, చెక్కపుల్లతో మట్టి గీకాలి. చేతికి నైట్రైల్ గ్లౌజులు, పాయింటు మారినప్పుడల్లా కొత్త జత. తోలు గ్లౌజులు, తోలు చెప్పులు మాత్రం వద్దు. తోలు మందును పీల్చుకుని రోజుల తరబడి చర్మానికి ఆనిస్తూ ఉంటుంది, కడిగినా వదలదు.

జేసీబీ గొయ్యి

ఎక్కడ అడిగినా దొరుకుతుంది, గంటల లెక్కన వస్తుంది, పొరలు కంటికి కనిపిస్తాయి. ఇంజనీర్లకు ఇదంటే మక్కువ ఎందుకో నాకు అర్థమవుతుంది. నాకు దీనిమీదే భయం ఎక్కువ.

గొయ్యి తవ్వగానే ఎవరో ఒకరు లోపలికి దిగుతారు. ఫొటో కోసమో, గోడ మీంచి మట్టి గీకడానికో, జారిపడ్డ టేపు తీయడానికో. నల్లరేగడి గోడ ఎండాకాలంలో నిటారుగా నిలబడి నమ్మిస్తుంది, కానీ లోపల నిలువు నెర్రెలుంటాయి. ఒక ఘనమీటరు మట్టి ఒకటిన్నర టన్నుకు పైనే తూగుతుంది. నడుము దాకా కూరుకుపోయిన మనిషిని కూడా చేతులు పట్టి లాగలేం. ఒకటిన్నర మీటరు దాటిన గోతికి గోడలు వాలుగా కోయాలి, లేదా గోడలకు ఊతపలకలు బిగించాలి. తవ్విన మట్టి కుప్ప అంచుకు కనీసం ఒకటిన్నర మీటరు, లేదా గోతి లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో ఉండాలి. తవ్వకాల భద్రత మీద మనకు ఐఎస్ 3764 ప్రమాణం ఉంది, చదివి పెట్టుకోండి.

కలుషిత నేలలో దీనికి గాలి ప్రమాదం తోడవుతుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, గోతి అడుగున పేరుకుంటుంది. పైన నిలబడ్డవాడికి వాసన కూడా రాకపోవచ్చు. దిగినవాడు తూలి పడతాడు, వాణ్ణి తేవడానికి పక్కవాడు దూకుతాడు. పాత బావుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ఒకరి వెనక ఒకరు పోయే చావులన్నీ ఈ తీరువే.

అందుకే జేసీబీ వాడితే ప్రణాళికలో మొదటి వాక్యం ఇలా ఉండాలి: గోతిలోకి ఎవరూ దిగరు, ఏ కారణానికీ దిగరు. నమూనా బకెట్‌లోంచే తీయాలి, అదీ బకెట్ పళ్లకు, అంచులకు తగలని నడిమి మట్టి. బకెట్ నేలమీద ఆని, ఇంజను నెమ్మదించాకే దగ్గరికెళ్లాలి. ఆపరేటర్‌కూ గాలివాటం చెప్పాలి. వాడి క్యాబిన్ అద్దాలు తీసే ఉంటాయి, ఆవిరి వాడి వైపు కొడితే మొదట పీల్చేది వాడే. కర్రకు ఒక గుడ్డపీలిక కట్టి పాతితే గాలి ఎటుందో అందరికీ కనిపిస్తుంది.

డ్రమ్ములు పూడ్చారన్న అనుమానం ఉంటే జేసీబీ మాటే ఎత్తకండి. లోపల ఏముందో తెలియని డ్రమ్మును బకెట్ పన్ను చీల్చిందంటే, దానికి తగిన సూటు ఆ రోజు మీ దగ్గర ఉండదు. ముందు నేల తవ్వకుండా ఇనుమును పసిగట్టే పరికరంతో చూడండి.

బోరు లారీ

అనంతపురంలో బోరు లారీ రాని ఊరు లేదు కాబట్టి, లోతు అనగానే దాన్నే పిలుస్తారు. కలుషిత స్థలానికి నా దృష్టిలో ఇది అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. కంప్రెసర్ గాలి సుత్తిని నడిపిస్తూ రాతిపొడిని బలంగా పైకి చిమ్ముతుంది. ఆ పొడిలో నేల పైపొరలోని మందు ఉంటుంది. అనంతపురం వైపు రాయి క్వార్ట్‌జ్ కలిసినది కాబట్టి ఊపిరితిత్తుల్ని పాడుచేసే సిలికా ఉంటుంది. బెంజీన్ లాంటి ఆవిరయ్యే పదార్థాలు ఆ గాలికే ఎగిరిపోతాయి, కాబట్టి నమూనా కూడా దండగే. పైగా నీళ్లు పడతాయేమోనని పిల్లాపాపలతో సహా ఊరంతా చుట్టూ చేరుతుంది. ఇంకో కీడు, పై పొరలోని విషానికి కింది నీళ్ల దాకా దారి వేసినట్టవుతుంది.

భూగర్భ జలాల పరిశీలనకు బోరు తప్పదనుకుంటే, కలుషితమైన పైపొర దాటేదాకా కేసింగ్ దించి సీలు చేశాక గానీ కిందికి పోకూడదు. నీళ్లు కొడుతూ తవ్వాలి, బురదను తొట్టిలోకి పట్టాలి. జనాన్ని ఆపే తాడు లారీ పక్కన కట్టడం కాదు, దుమ్ము పడే దూరానికి అవతల కట్టాలి.

మట్టి పరీక్షల ముక్కాలి రిగ్గు

బిల్డింగులు కట్టేముందు పునాది కోసం ఎస్‌పీటీ (సుత్తి దెబ్బలతో నేల గట్టిదనం కొలిచే పరీక్ష) చేసే మూడు కాళ్ల స్టాండు, వించి (తాడు చుట్టే యంత్రం). 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి పడి గొట్టాన్ని దించుతుంది. మట్టి గొట్టం లోపలే ఉండి పైకొస్తుంది, దుమ్ము లేవదు, మనిషి దిగే గొయ్యి ఉండదు. పాత పెట్రోలు బంకు లాంటి చోట మూడు నుంచి ఆరు మీటర్ల లోతుకు నేను దీన్నే సిఫార్సు చేస్తాను. నీళ్లు పోసి తవ్వే పద్ధతి మాత్రం వద్దనండి, ఆ నీళ్లు కాలుష్యాన్ని కదిలిస్తాయి, బురదా పెరుగుతుంది. ప్రమాదమల్లా యంత్రం వైపు: వించి తాడులో వేళ్లు, పైన కరెంటు తీగ, పడే సుత్తి. ఈ పనికి అలవాటుపడ్డ జట్టయితే ఇవి వాళ్లకు తెలిసినవే. తెలియనిది గొట్టం తెరిచినప్పుడు వచ్చే ఆవిరి. తెరిచేవాడు గాలికి ఎదురుగా కాక, గాలి వీపుకు తగిలేలా నిలబడాలి.

గొట్టాన్ని నేరుగా నేలలోకి నొక్కే యంత్రాలు ఇంకా మేలైనవే గానీ, మన గట్టి నేలల్లో రాయి తగిలితే అక్కడే ఆగిపోతాయి.

| చూడాల్సింది | చేతి ఆగర్ | జేసీబీ | బోరు లారీ | ముక్కాలి రిగ్గు |
|---|---|---|---|---|
| మట్టికి చేరువ | చేతికే తగులుతుంది | దిగకపోతే దూరమే | పొడి మీద పడుతుంది | గొట్టం తెరిచినప్పుడు |
| దుమ్ము, ఆవిరి | చాలా తక్కువ | ఎక్కువ | అన్నిటికన్నా ఎక్కువ | తక్కువ |
| కూలితే కాపాడటం | తేలిక | దిగితే చాలా కష్టం | ఫరవాలేదు | తేలిక |
| ఎండలో ఒంటి శ్రమ | బాగా ఎక్కువ | తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం, ఎక్కువసేపు |
| తగిన చోటు | గోదాము పైమట్టి | డ్రమ్ముల భయం లేని గుట్ట | సీలు చేసిన నీటి బోరు | పెట్రోలు బంకు |

ఇక సూటు, మాస్కు

"ఈ ప్లాస్టిక్ బట్టలేసుకొని ఎండలో ఎట్ల జేయాలప్పా, మందు కంటే ముందు ఇదే సంపుతాది" అని కూలీ అంటే విసుక్కోకండి, లెక్క వాడి వైపే ఉంది. ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే వేడి సూచీకి మామూలు దుమ్ము కవరాల్ (ఒళ్లంతా కప్పే తొడుగు) వేసుకుంటే 1 డిగ్రీ కలుపుతారు. ఆవిరి కూడా చొరని సూటుకైతే 11 డిగ్రీలు కలుపుతారు. ఏప్రిల్, మే నెలల్లో 42 దాటే ఊళ్లలో ఆ సూటుతో మధ్యాహ్నం పని అనేది ప్రణాళికలో ఉండకూడని మాట.

మామూలు స్థాయిలో షర్టు, ప్యాంటు, బూట్లు, హెల్మెట్, గ్లౌజులు. దానిపై దుమ్ము కవరాల్, ఎన్95 చేరితే గోదాము పైమట్టికి చాలాసార్లు సరిపోతుంది. ఎన్95 దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు. పెట్రోలు బంకులో దాన్ని తగిలించుకుంటే ధైర్యం తప్ప ఏమీ రాదు. అక్కడ కార్ట్రిడ్జ్ మాస్కు (ఆవిరిని పట్టే డబ్బాలు బిగించినది) కావాలి. అయితే దానికి షరతులున్నాయి: ఏ పదార్థమో, గాలిలో ఎంతుందో తెలిసి ఉండాలి, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, గడ్డం ఉండకూడదు. గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి దూరుతుంది, ఎంత ఖరీదైన మాస్కయినా అంతే. వీపున సిలిండర్ మోసే స్థాయి అవసరమైందంటే అది మీ జట్టు చేసే పని కాదని అర్థం, శిక్షణ ఉన్నవాళ్లను పిలవండి.

పులివెందుల వైపు పాత రాతినార (ఆస్‌బెస్టాస్) గనుల దగ్గర పని పడితే ఎన్95 కూడా చాలదు, పీ100 ఫిల్టర్ వాడండి, మట్టిని తడుపుతూ తీయండి.

వేళల సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దొరికితే అదే మేలు. ఎండాకాలమే దిక్కయితే తెల్లారి ఐదున్నరకు మొదలుపెట్టి పదికి ముగించాలి. వేడి తక్కువైతే పెట్రోలు ఆవిరి కూడా తక్కువ లేస్తుంది. కానీ ఒక మెలిక ఉంది. తెల్లవారుజామున గాలి కదలదు, లేచిన కాస్త ఆవిరీ అక్కడే నిలుస్తుంది. అందుకే నాలుగు వాయువుల మీటరు (ఆక్సిజన్, మండే వాయువు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ కొలిచేది) పొద్దున్నే బయటికి తీయాలి. మండే వాయువు సూచీ (ఎల్‌ఈఎల్, అంటే మంట అంటుకునే కనీస మోతాదులో ఎంత శాతమో) 10 శాతం చూపిస్తే పని ఆపి అవతలికి రావాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు వాసననే మరిచిపోతుంది కాబట్టి, ముక్కును మీటరుగా వాడొద్దు.

పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు, పని చోటు చుట్టూ గీసిన ఎర్ర గీత అవతల, చేతులు కడుక్కున్నాక. కొత్తగా ఎండ పనికి వచ్చినవాడికి మొదటి రోజు ఐదో వంతు పనే చెప్పాలి, రోజూ కొంచెం పెంచుకుంటూ పోవాలి. పురుగుమందుల చోట ఒకడు తూలితే వడదెబ్బని కొట్టిపారేయకండి. కంటిపాప సూదిమొనంత అయి, నోట్లోంచి చొంగ కారుతుంటే అది మందు. బట్టలు విప్పి, సబ్బునీళ్లతో కడిగి, 108కి ఆ మాటే చెప్పండి, డబ్బా మీద చీటీ ఉంటే ఫొటో పంపండి.

ఎవరికి ఏది?

చిన్న మట్టి పరీక్షల సంస్థ అయితే ముక్కాలి రిగ్గు మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. దానికి మీటరు, పీఐడీ (ఆవిరయ్యే రసాయనాలను పసిగట్టే పరికరం) అద్దెకు తెచ్చుకుంటే పెట్రోలు బంకు పనులు ధైర్యంగా తీసుకోవచ్చు. పీఐడీ ఆవిరినే చూపిస్తుంది, సీసం, ఆర్సెనిక్, దుమ్ములోని మందు దానికి కనపడవు. అది సున్నా చూపించిందని గ్లౌజులు తీసేయకండి.

స్థలం కొనేవాళ్లు, పంచాయతీ వాళ్లు కొటేషన్లు పోల్చేటప్పుడు తక్కువ రేటు వెనక ఏ పద్ధతి ఉందో అడగండి. "జేసీబీతో ఒక్క పూటలో అయిపోతుంది" అన్నవాడిని గోతిలోకి ఎవరు దిగుతారో అడగండి. జవాబు తడబడితే రేటు ఎందుకు తగ్గిందో తెలిసినట్టే.

మేస్త్రీలు, కూలీల సంగతి. వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం మీద 2020లో చేసిన కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. భద్రత కోసం ఇచ్చే దేనికీ కార్మికుడి దగ్గర డబ్బు వసూలు చేయకూడదని అది చెబుతోంది. బూట్లకూ మాస్కుకూ కూలీలో కోత పెడితే ఒప్పుకోనక్కర్లేదు. ఆ రోజు వేసుకున్న బట్టలు ఇంటికి మాత్రం తీసుకుపోవద్దు. పిల్లల బట్టలతో కలిపి ఉతికితే విషం గోదాము దాటి ఇంట్లోకి వస్తుంది. బట్టలు మార్చుకోవడానికి ఒక మూల, సబ్బు, డ్రమ్ము నీళ్లు అడిగి పెట్టించుకోండి.

ప్రణాళిక రాసేదెవరు?

దించుకున్న నమూనా ఫైలుతో తనిఖీ గట్టెక్కవచ్చు, మనిషి గట్టెక్కడు. బయటి భద్రతా అధికారిని పెట్టుకోవడం డ్రమ్ములు, ఆమ్లాలు, లోతు బావుల పనికి తప్పదు. మిగతా వాటికి సూపర్‌వైజర్ స్వయంగా తెలుగులో రాసిన నాలుగు పేజీలే మేలు: ఏ విషం ఉందనుకుంటున్నాం, ఏ పద్ధతి, ఎర్ర గీత లోపలికి ఎవరు, మీటరు ఎంత చూపిస్తే ఆపాలి, ఆపమనే అధికారం ఎవరిది, ఆసుపత్రికి ఏ దారి. ఆపే అధికారం రేటు మాట్లాడినవాడి చేతిలో ఉండకూడదు. పొద్దున పని మొదలెట్టే ముందు దాన్ని గట్టిగా చదివి వినిపించాలి, చదువు రానివాళ్లు కూడా జట్టులో ఉంటారు.

డబ్బు బొత్తిగా తక్కువైతే కొనే వరుస ఇది: ముందు మీటరు అద్దె, తర్వాత షామియానా నీడా నీళ్లూ, తర్వాత నైట్రైల్ గ్లౌజుల పెట్టె, ఆ తర్వాత కార్ట్రిడ్జ్ మాస్కులు. ఇవి కూడా కుదరకపోతే ఆ పని వదులుకోండి. ఇవన్నీ అయ్యాక మిగిలితే సూట్లు, ప్రణాళిక ఫైలుకు రంగుల అట్ట.